మల్లంపూడి లాకులు, సున్నా లీకులు

మా మల్లంపూడి నీటిపారుదల డివిజన్లో రహస్యాలుండేవి కావు. దాచుకోవాల్సినంత విషయం మా దగ్గర ఎప్పుడూ లేదు. గోదారి నుంచి పెద్ద కాలువ వస్తుంది. మల్లంపూడి లాకుల దగ్గర తొమ్మిది పంట కాలువలుగా విడిపోతుంది. ఏ కాలువకి ఏ రోజు వంతో, తూము షట్టరు ఎన్ని అంగుళాలు లేపాలో లాకుల గోడకున్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసి ఉండేది. రైతులు సైకిలాపి చదువుకుని వెళ్ళేవారు. చదువు రానివాళ్ళు లస్కరు ఏసుదాసుని అడిగేవారు. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. అడక్కపోయినా చెప్పేవాడు.

నా పేరు గోవర్ధనం. డివిజన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో నేను టైపు చేసిన ప్రతి కాగితమూ ఎవరైనా చదువుతారన్న ఆశతోనే టైపు చేశాను. ఎవరూ చదవలేదు, అది వేరే సంగతి.

మే నెలాఖర్లో ఎవరో మహానుభావుడు ఆ బోర్డుని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. మర్నాడు ఒక పేపరు జిల్లా పేజీలో 'నీటి విడుదల షెడ్యూలు లీక్' అని నాలుగు కాలమ్‌ల వార్త వచ్చింది. అందరికీ కనపడేలా గోడ మీద రాసింది ఎలా లీకవుతుందని ఆ పేపరువాళ్ళు ఆలోచించలేదు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, మా పైవాళ్ళూ ఆలోచించలేదు.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ, పరాంకుశం గారు జిల్లా మీటింగుకి వెళ్ళి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చారు. మొహం కందగడ్డలా ఉంది.

"గోవర్ధనం గారూ, మన డివిజన్లో లీకు జరిగింది."

"ఏడో నంబరు తూము దగ్గరేనా సార్?" అన్నాను. నాకు తెలిసిన లీకు అదొక్కటే. షట్టరు అడుగున చెక్క పుచ్చిపోయి, ఆరేళ్ళుగా బెత్తెడు సందులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నీళ్ళు కాదండీ, సమాచారం!" అన్నారాయన. "నీళ్ళు పోతే మళ్ళీ వస్తాయి. సమాచారం పోతే పరువు పోతుంది."

ఆ సాయంత్రమే నల్లబోర్డుకి సున్నం కొట్టించారు. వారం తిరక్కుండా 'గుప్తధార' వచ్చింది.

గుప్తధార అంటే వెబ్ యాప్. కంప్యూటర్లో బ్రౌజరు తెరిచి అందులోంచే ఫైళ్ళు పంపుకోవాలి. దాన్ని మాకు నేర్పడానికి సర్కిల్ ఆఫీసు వాళ్ళు కిరీటి అనే సలహాదారుని పంపారు. నలభై దాటిన మనిషి, సూటు వేసుకుని వచ్చాడు. జూన్ నెలలో మా ప్రాంతంలో సూటు వేసుకున్నవాడిని చూస్తే నాకెందుకో మొదటి నుంచీ భయమే.

"మీరు ఫైలు పంపుతారు. అది మీ కంప్యూటర్లోనే తాళం పడిపోతుంది," అని మొదలుపెట్టాడు కిరీటి, తెర మీద రెండు పెట్టెల బొమ్మ చూపించి. "ఆ తాళం తెరిచే చెవి అవతలి మనిషి బ్రౌజర్లో మాత్రమే ఉంటుంది. దారి పొడుగునా ఎవరు పట్టుకున్నా పిచ్చిగీతలే కనపడతాయి. ఆఖరికి సర్వర్ నడిపే మేం కూడా చదవలేం. ఈ కొస నుంచి ఆ కొస దాకా రహస్యం."

"మా డిపార్టుమెంటు చరిత్రలో ఇలాంటిది కనీవినీ ఎరగం," అన్నారు పరాంకుశం గారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

నేను చెయ్యెత్తాను. "ఆ చెవి పోతేనో?"

"పోదండీ."

"పోతే?"

కిరీటి సూటు సర్దుకున్నాడు. "అప్పుడు ఆ ఫైలు మరింత సురక్షితం అవుతుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఈఈ గారు కొడుతుంటే నేనూ కొట్టాను.

నిజానికి యాప్‌లో తప్పేం లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. దాన్ని మా చేతికివ్వడంలోనే వచ్చింది చిక్కంతా. మొదటి సర్క్యులరు ఇలా ఉంది: "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట నీటి విడుదలకు సంబంధించిన సమస్త ఉత్తర్వులు గుప్తధార ద్వారా మాత్రమే జారీ చేయబడును. కాగితము నిషిద్ధము. టెలిఫోను నిషిద్ధము. నోటిమాట కఠినముగా నిషిద్ధము." రెండో సర్క్యులరు గుప్తధారలో ఫైళ్ళు ఎలా తెరవాలో వివరించేది. అది గుప్తధారలోనే వచ్చింది. తెరవడం తెలిసినవాళ్ళు తెరిచి, ఎలా తెరవాలో చదువుకున్నారు.

జూన్ పదిహేనున నేను మా మేనకోడలి నిశ్చితార్థానికి ఒకరోజు సెలవు పెట్టుకున్నాను. సెలవు చీటీకి తాళం వేసి పంపాను. ఈఈ గారు మంజూరుకి తాళం వేసి పంపారు. అది తెరుచుకునేసరికి నిశ్చితార్థం అయిపోయి, లడ్డూలు కూడా అయిపోయాయి. నేను వెళ్ళలేదు. మా చెల్లెలు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.

ఏసుదాసుకి టాబ్లెట్ ఇచ్చారు. అతనిది మీటల ఫోను. కిరీటి స్వయంగా లాకుల దగ్గరికి వెళ్ళి, దాసు వేలు పట్టుకుని నొక్కించి నేర్పాడు. పాపం దాసు దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకున్నాడంటే, పాలిథిన్ సంచిలో పెట్టి, ఆ సంచిని టిఫిన్ డబ్బాలో పెట్టి, డబ్బాకి ఇంకో తాళం వేశాడు.

కానీ కిరీటికి ఇంకా తృప్తి కలగలేదు. ఎవరైనా మన బ్రౌజర్లోకి తొంగి చూస్తేనో? అందుకని ప్రతి శుక్రవారం ఐదింటికి అన్ని పరికరాల్లోనూ బ్రౌజరు తనంతట తానే శుభ్రమయ్యేలా ఏర్పాటు చేశాడు. పాత చిట్టా, పాత గుర్తులు, అన్నీ తుడిచిపెట్టేస్తుంది. తాళంచెవులు కూడా ఆ బ్రౌజర్లోనే ఉన్నాయన్నది శనివారం పొద్దున తెలిసింది.

జూలై మొదటి శనివారం. పెద్ద కాలువ లాకుల దగ్గర గట్టు అంచుదాకా నిండి ఉంది. ఏడో నంబరు కాలువ వంతు. పది గంటలకి దాసు దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"గోవర్ధనం గారండీ, ఈఈ గారి దగ్గర్నుంచి ఫైలొచ్చిందండి. నొక్కితే తెరుచుకోవట్లేదండి. ఈ పరికరంలో తగిన చెవి లేదు అంటందండి. ఏ చెవండీ?"

"షట్టరు ఎత్తమనే అయి ఉంటుంది కదా దాసూ. ఏడో నంబరు వంతు ఇవాళ."

"ఆయ్, నాకూ అలాగే అనిపిస్తందండి. కానీ ఆర్డరు చూడకుండా ఎత్తితే ఎలాగండీ? తుఫాను ఏడాది అలాగే ఎత్తాను కదండీ, పదకొండు నెలలు కూర్చోబెట్టారు. ఇంకా ఐదు నెల్లే ఉంది సర్వీసు."

అది నిజమే. ఆ ఏడాది చేలు మునిగిపోతున్నాయని తనంతట తాను తూము ఎత్తి రెండూళ్ళ పంట కాపాడాడు. సస్పెన్షన్ కాగితం టైపు చేసింది నేనే.

నేను ఈఈ గారి గదిలోకి వెళ్ళాను.

"సార్, దాసుకి మీ ఆర్డరు తెరుచుకోలేదట."

"నేను ఇచ్చాను. 'చేరింది' అని పచ్చగీత కూడా వచ్చింది."

"ఏమని ఇచ్చారు సార్?"

ఆయన నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. "గోవర్ధనం గారూ. ఆ ప్రశ్న మీరు అడగలేదనుకుంటాను."

"పోనీ మళ్ళీ పంపండి సార్."

ఆయన కంప్యూటర్ తెరిచారు. పంపిన ఫైలు మీద నొక్కారు. తెర నిండా పిచ్చిగీతలు. ఫైలు దాసు చెవికే తెరుచుకుంటుంది, పంపినవాడికి కూడా తెరుచుకోదు. ఆయన ఒక్క క్షణం కంగారుపడి, మరుక్షణం పొంగిపోయారు.

"చూశారా! నేను రాసింది నేనే చదవలేకపోతున్నాను. ఏం వ్యవస్థండీ!"

కిరీటిని పిలిచారు. అతను తల పంకించి, దానికి పద్ధతి ఉందన్నాడు. దాసు తన పాత చెవితో లాగిన్ అయ్యి, పాత చెవి పోయిందని దరఖాస్తు పెట్టుకుంటే, మూడు పనిదినాల్లో కొత్త చెవి ఇస్తారు.

"పాత చెవి పోయింది కదండీ," అన్నాను.

"అందుకే కదండీ దరఖాస్తు," అన్నాడు కిరీటి, ఓపిగ్గా.

సోమవారం పొద్దున బొల్లా తిరుపతమ్మ ఆఫీసుకొచ్చింది. ఏడో నంబరు కాలువ కొట్టకొసన రెండెకరాలు కౌలుకి చేసుకునే మనిషి. యాభై దాటి ఉంటాయి. తడి తువ్వాల్లో చుట్టుకొచ్చిన గుప్పెడు నారు తీసి నా బల్ల మీద పెట్టింది. కొసలు ఎర్రబడ్డాయి.

"నారుమడి బీటలిస్తందయ్యా. పైన కాలవ నిండా నీళ్ళు, కింద మాకు చుక్క లేదు. దాసునడిగితే ఆర్డరొచ్చింది గానీ తెరుచుకోలేదంటాడు. ఆర్డరేమన్నా తలుపా తెరుచుకోడానికి?"

ఆవిడని ఈఈ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మర్యాదస్తుడు. కుర్చీ చూపించారు.

"అమ్మా, మీ కాలువ విషయంలో మేం చాలా మంచి ఆర్డరు జారీ చేశాం."

"ఏమని బాబూ?"

"అది గోప్యం."

తిరుపతమ్మ కాసేపు ఆయన్ని, కాసేపు నన్ను చూసింది. "నా చేలోకి వచ్చే నీళ్ళ సంగతి నాకే చెప్పకూడదా?"

"మీకు చెప్తే మీరు ఇంకొకరికి చెప్తారు."

"చెప్పకేం చేస్తాను? పక్క చేలోళ్ళు అడగరూ?"

"అదిగో," అన్నారు ఈఈ గారు నావైపు తిరిగి. "లీకులు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే."

ఆవిడ అర్జీ ఇచ్చింది. మేం దాన్ని స్కాన్ చేసి, ఆవిడ ఎదురుగానే తాళం వేసి, కాగితం చింపేశాం. రసీదు అడిగింది. రసీదులో విషయం రాయాలి కాబట్టి రసీదు ఇవ్వడం కుదరదని చెప్పాల్సిన పని నామీద పడింది. చెప్పాను. ఆవిడ తువ్వాలు దులుపుకుని లేచింది.

"ఆ షట్టరు కింద సందులోంచి ఇంత కారతంది చూడు, ఆ నీళ్ళు బిందెలతో తోడి పోసుకుంటన్నాం, నేనూ మా కోడలూ. అది ఉండబట్టి సగం మడి బతికింది. లేకపోతే ఈ పాటికి ఎండిపోయేది," అంది మెట్లు దిగుతూ.

నాకు మనసు మనసులో లేదు. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. గుమాస్తా చెయ్యగలిగింది ఏముంటుంది? రాయడమే. ప్రతి సోమవారం సర్కిల్ ఆఫీసుకి ఒక పట్టిక పంపుతాం. 'ఈ వారంలో లీకులు' అని ఒక గడి ఉంటుంది. నాలుగు వారాలుగా అందులో సున్నా వేస్తున్నాను. ఆ రోజు '1' అని వేసి, పక్కన వివరాల గడిలో ఇలా రాశాను: "ఏడో నంబరు తూము షట్టరు అడుగున నీరు కారుచున్నది. శివారు రైతులకు ప్రస్తుతం ఇదే ఆధారము. దయతో నీరు విడుదల చేయించవలెను." ఎవరైనా పెద్దాఫీసరు చదివి అయ్యో అనుకుంటాడని నా ఆశ.

పెద్దాఫీసరు తెర మీద అంకె ఒక్కటే కనపడుతుంది. వివరాలు తాళం వెనకాల ఉంటాయి. అది నాకు తెలియదు.

మంగళవారం పదకొండింటికి సర్కిల్ ఆఫీసు నుంచి ఫోను. మా డివిజన్ గడి ఎర్రబడిందట. ఏం లీకైందని వాళ్ళడిగారు. ఫోన్లో చెప్పకూడదు కాబట్టి ఈఈ గారు చెప్పలేదు. ఏదైనా సరే, ఇరవై నాలుగ్గంటల్లో ఆపమన్నారు.

ఈఈ గారు నన్ను పిలిచి అడిగారు. నేను చెప్పాను. కాస్త కోప్పడతారు, తర్వాత షట్టరు ఎత్తిస్తారు అనుకున్నాను. ఆయన కోప్పడనే లేదు.

"ఒక్క లీకే కదా. మూయించేద్దాం."

"సార్, అది ఆ రైతులకి..."

"గోవర్ధనం గారూ, లీకుల్లో మంచి లీకు, చెడ్డ లీకు అని ఉండవు."

నీళ్ళు వదిలే ఆర్డరు రహస్యం గానీ, నీళ్ళు ఆపే పని రహస్యం కాదు. దానికి ప్రచారం కావాలి. బుధవారం ఉదయం 'లీకు రహిత మల్లంపూడి' అని బ్యానరు కట్టించారు. నలుగురు కూలీలు గోనెసంచుల్లో బంకమట్టి కూరి షట్టరు అడుగున కుక్కారు. కిరీటి సూటు విప్పకుండా ఒక సంచి మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. నీళ్ళు కారడం ఆగిపోయింది. దాసు బ్యానరు తాడు పట్టుకుని నిలబడ్డాడు, ఎవరి మొహమూ చూడలేదు. కాలువలోకి బిందె తీసుకుని దిగిన తిరుపతమ్మ కోడలు ఖాళీ బిందెతోనే గట్టెక్కింది.

ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. ఇరవై తొమ్మిదేళ్ళలో నేను రాసిన దాని మీద వెంటనే చర్య తీసుకోవడం అదే మొదటిసారి.

పట్టికలో అంకె ఒకటి నుంచి సున్నాకి ఒక్కరోజులో దిగింది. రాష్ట్రంలో మరే డివిజన్లోనూ ఇంత వేగంగా దిగలేదట. గురువారం కబురొచ్చింది: ఉత్తమ గోప్యతా డివిజనుగా మల్లంపూడిని పరిశీలించడానికి సర్కిల్ సూపరింటెండింగ్ ఇంజనీరు, అంటే ఎస్ఈ గారు, స్వయంగా వస్తున్నారు. శుక్రవారం పదింటికి, లాకుల దగ్గర. ఆయన ఎదురుగా గుప్తధారలో ఆర్డరు వెళ్ళాలి, లస్కరు అందుకోవాలి, ఆయన మార్కులు వెయ్యాలి.

శుక్రవారం షామియానా వేశారు. ఎస్ఈ గారు మంచి పొడగరి, తెల్లటి మీసం. చేతిలో అట్ట, అట్ట మీద మార్కుల పట్టిక. గట్టు మీద ఓ నలభైమంది రైతులు చేరారు. ముందు వరసలో తిరుపతమ్మ. ఎండ మాడ్చేస్తోంది. ఒకవైపు కాలువ నిండుగా గట్టుని తాకుతోంది, రెండోవైపు ఏడో నంబరు కాలువ అడుగున బురద పెచ్చులు లేచింది.

ఈఈ గారు ల్యాప్‌టాప్‌లో ఆర్డరు రాసి, తెరని చేత్తో కప్పుకుని, తాళం వేసి పంపారు. మూడడుగుల దూరంలో దాసు టాబ్లెట్ టింగుమంది. దాసు నొక్కాడు.

"చదువు," అన్నారు ఎస్ఈ గారు.

"తగిన చెవి లేదంటందండి."

ఎస్ఈ గారు ముందుకి వంగి టాబ్లెట్ చూశారు. ఆయన మొహం వికసించింది.

"అద్భుతం! పంపినవారు పక్కనే ఉన్నారు, అందుకున్నవాడు ఎదురుగా ఉన్నాడు, అయినా ఒక్క అక్షరం బయటికి రాలేదు! ఇంతకు మించిన గోప్యత నేను చూడలేదు." యాభైకి యాభై వేశారు. కిరీటి వంగి నమస్కారం పెట్టాడు.

"ఇప్పుడు షట్టరు ఎత్తించండి, చూద్దాం," అన్నారు ఎస్ఈ గారు.

ఈఈ గారు దాసు వైపు చూశారు.

"ఆర్డరు చదవనిదే ఎత్తడానికి లేదండి," అన్నాడు దాసు, చేతులు కట్టుకుని.

ఎస్ఈ గారు పట్టిక తిప్పారు. రెండో పేజీలో మొదటి గడి నాకు కనపడింది: 'ప్రజల ఒత్తిడికి లోనై అధికారి ఆర్డరులోని విషయము వెల్లడించెనా?' ఇరవై మార్కులు. ఆయన కలం ఆ గడి మీద ఆగింది. ఈఈ గారు కూడా దాన్ని చూశారు.

అప్పుడు గట్టు మీద నుంచి తిరుపతమ్మ దిగి వచ్చింది. ఎస్ఈ గారి వైపు గానీ, ఈఈ గారి వైపు గానీ పోలేదు. తిన్నగా దాసు దగ్గరికి వెళ్ళింది.

"దాసూ, ఎత్తమని ఉందా అందులో?"

"కనపట్లేదు తిరుపతమ్మా."

"మూసి ఉంచమని ఉందా?"

"అదీ కనపట్లేదు."

"మరి మూసి ఉంచమని నీకు ఎవరు చెప్పారు?"

దాసు తల వంచి టాబ్లెట్ చూశాడు. తర్వాత షట్టరు చూశాడు. దాసు నెమ్మదిగా ఈఈ గారి వైపు తిరిగాడు.

"సార్, మూసి ఉంచమనేనా సార్ ఆర్డరు?"

పరాంకుశం గారి మెడ మీద నరం ఉబ్బింది. అవునంటే ఆర్డరు వెల్లడించినట్టు. కాదన్నా వెల్లడించినట్టే. తల అడ్డంగా ఊపినా, నిలువుగా ఊపినా ఇరవై మార్కులు పోతాయి. ఎస్ఈ గారు కలం పట్టుకుని ఆయన్నే చూస్తున్నారు. ఈఈ గారు పెదాలు బిగించి, ఆకాశం వైపు చూస్తూ, కనురెప్ప కూడా ఆడించకుండా నిలబడ్డారు.

"సార్, మీరు వద్దంటే ఆగుతానండి," అన్నాడు దాసు. ఐదు నెలల సర్వీసు అతని కళ్ళ ముందు కదులుతుండాలి.

ఈఈ గారు మాట్లాడలేదు.

దాసు టాబ్లెట్ని పదిలంగా నా చేతిలో పెట్టాడు. లుంగీ ఎగ్గట్టి, షట్టరు మీదున్న ఇనప చక్రం పట్టుకున్నాడు. తుప్పు కిర్రుమంది. ఒక చుట్టు, రెండు చుట్లు. గోనెసంచి ఒకటి పిగిలి ఎగిరిపడింది, దాని వెనకాల ఎర్రటి నీళ్ళు బుసకొడుతూ దూకాయి. రైతులు అరిచిన అరుపుకి షామియానా మీది కాకులు లేచిపోయాయి. తిరుపతమ్మ అరవలేదు. నీళ్ళకి ముందుగా, చీర కుచ్చెళ్ళు దోపుకుని, కాలువ గట్టు వెంట తన చేని వైపు పరిగెత్తింది. ఆ వయసులో అంత పరుగు నేను చూడలేదు.

ఎస్ఈ గారు ఇరవైకి ఇరవై వేశారు. "ఇంత ఒత్తిడిలో నోరు మెదపలేదు," అన్నారు ఈఈ గారి భుజం తట్టి.

మధ్యాహ్నం ఆఫీసులో ఈఈ గారు తలుపు వేసి నన్ను కూర్చోబెట్టారు. "టైపు చెయ్యండి," అన్నారు.

"లస్కరు ఏసుదాసు, తెరవబడని ఉత్తర్వును అమలు చేసినందుకున్నూ, సదరు ఉత్తర్వునందు పేర్కొనిన ______ అంగుళములకు ఖచ్చితముగా సరిపోవునట్లు షట్టరు ఎత్తి, తద్వారా గోప్య సమాచారము తనకు ముందే తెలిసియున్నట్లు రుజువు చేసుకొనినందుకున్నూ, తక్షణమే విధుల నుండి తొలగించి సస్పెన్షనులో ఉంచడమైనది." అంకె వచ్చే చోట ఖాళీ వదలమన్నారు, తర్వాత తానే వేసుకుంటానని.

"సార్, జూలైలో ఎప్పుడూ తొమ్మిది అంగుళాలే కదండీ. ముప్పై ఏళ్ళుగా ఎత్తుతున్నాడు," అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఆ అంకె మీకెలా తెలిసింది?"

నేను తల దించుకుని టైపు చేశాను. తుఫాను ఏడాది టైపు చేసినప్పుడు కూడా వేళ్ళు ఇంత బరువుగా లేవు.

ఆయన దానికి తాళం వేసి దాసుకి పంపారు. సెక్షన్ ఇంజనీరుకి, లాకుల సూపరింటెండెంటుకి, ఇంకో ముగ్గురికి కాపీలు. ఆరు పచ్చగీతలు వచ్చాయి. అందరివీ పోయిన శుక్రవారమే చెవులు తుడిచిపెట్టుకుపోయాయి. అవి లేవని చెప్పుకునే దరఖాస్తు ఎవరూ పెట్టలేకపోయారు కాబట్టి, లెక్క ప్రకారం అందరి దగ్గరా ఉన్నట్టే. కాగితం కాపీ ఇవ్వడానికి లేదు. నోటితో చెప్పడానికి అసలే లేదు. సోమవారం ఈఈ గారు మిగతా డివిజన్ల వాళ్ళకి శిక్షణ ఇవ్వడానికి రాజధానికి బయల్దేరారు. మూడు నెలలట. కిరీటి కూడా ఆయన వెంటే. వద్దనేవాళ్ళు లేక దాసు పాత వంతుల ప్రకారమే తూములు ఎత్తుతున్నాడు.

బుధవారం నేను పని కల్పించుకుని లాకుల వైపు వెళ్ళాను. కాకా హోటల్ బల్ల మీద కూర్చుంటే ఏడో నంబరు కాలువ చివరిదాకా కనపడుతుంది. తిరుపతమ్మ చేలో ఆరుగురు ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. సగం మడే బతికింది కాబట్టి ఒక ఎకరానికే నారు సరిపోయిందట. మిగతాదానికి పై కాలువ వాళ్ళు మిగిలిన నారు ఇస్తామన్నారట. ఆవిడ గట్టు మీద నిలబడి, ఎవరో వంకరగా నాటుతున్నారని కేకలేస్తోంది.

దాసు టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. డబ్బా తాళం తీసి, సంచి విప్పి, టాబ్లెట్ బయటికి తీశాడు.

"శుక్రారం మజ్జానం ఆఫీసు నుంచి ఇంకోటొచ్చిందండి. ఇదీ తెరుచుకోవట్లేదు. ఏమై ఉంటదంటారు? మంచిదేనంటారా?"

నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టాను. అందులో ప్రతి అక్షరం నాకు కంఠతా వచ్చు.

"ఏదో సెలవు మంజూరు చేసినట్టున్నారు దాసూ," అన్నాను. "నువ్వు వాడుకోకు."

"వంతులు నడుస్తా ఉంటే సెలవేంటండీ, మీరు మరీనీ!" అని నవ్వి, టాబ్లెట్ మళ్ళీ సంచిలో చుట్టి, డబ్బా చంకన పెట్టుకుని, ఎనిమిదో నంబరు తూము ఎత్తడానికి వెళ్ళాడు.